ఎడమచేతి రిలీవర్‌ని ఒక్క బంతితో కొలవకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. 2025 అక్టోబరు నెలాఖరులో మీ క్రీడల పేజీలో అమెరికా బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మీద ఒక చిన్న వార్త వేశారు. లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్స్‌కీ టొరాంటో బ్లూ జేస్‌కీ జరిగిన మూడో మ్యాచ్ అది. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలాల్సిన ఆట 18 దాకా సాగింది. ఫ్రెడ్డీ ఫ్రీమన్ ఎడమచేతి బ్యాటరని, టొరాంటో వాళ్లు ఎడమచేతి బౌలర్ బ్రెండన్ లిటిల్‌ని నమ్ముకున్నారని, ఫ్రీమన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి ఆట ముగించాడు కాబట్టి ఈ ఎడమచేతి లెక్కంతా వట్టి మూఢనమ్మకమని ఆ వార్త సారాంశం. తర్వాత వారం ఒక పాఠకుడు కూడా అదే మాట రాశారు. క్రికెట్‌లో ఎడమచేతి బ్యాటర్ ఉంటే ఎడమచేతి స్పిన్నర్‌ని పక్కన పెడతారు, వీళ్లు ఎదురు తెచ్చి పెడతారేమిటని ఆయన అడిగారు. ఆ రెంటికీ జవాబు రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. కాస్త పొడవైనా దయచేసి వేయండి.

నాది తెనాలి. 31 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా సెలవు రోజుల్లో గుంటూరు జిల్లాలో క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరర్‌గా కూర్చునేవాణ్ణి. ఇప్పుడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో, మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. మా మనవడికి 16 ఏళ్లు. హైస్కూలు బేస్‌బాల్ జట్టులో ఆడతాడు. ఎడమచేత్తో వేస్తాడు. మొదటి నుంచీ వేసే స్టార్టర్ కాదు, మధ్యలో వచ్చే రిలీవర్. వాడి ప్రతి ఆటకీ మడత కుర్చీ, ఫ్లాస్కు, స్కోరు పుస్తకం పట్టుకుని వెళ్తాను. కాబట్టి ఈ విషయం నాకు టీవీలో చూసి నేర్చుకున్నది మాత్రమే కాదు, ఇంట్లో రోజూ నలిగే విషయం.

ముందు ఆ పాఠకుడి ప్రశ్న. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే, నాకూ మొదట్లో అదే అనుమానం వచ్చింది. మన రవీంద్ర జడేజా వేసే బంతి కుడిచేతి బ్యాటర్‌కి బయటికి తిరుగుతుంది, ఎడమచేతి బ్యాటర్‌కి లోపలికి వస్తుంది. లోపలికి వచ్చే బంతిని ఆడటం తేలిక, అందుకే కెప్టెన్లు జాగ్రత్త పడతారు. బేస్‌బాల్‌లో ఎడమచేతి బౌలర్ ఆయుధం స్లైడర్. అది తిరిగే దిక్కు జడేజాది కాదు, కుల్‌దీప్ యాదవ్‌ది. ఎడమచేతి బ్యాటర్ నుంచి దూరంగా జారిపోతుంది. పైగా ఆ చెయ్యి బంతిని వదిలేది బ్యాటర్ భుజం వెనకాల నుంచి వస్తున్నట్టుంటుంది. చెయ్యి పక్కకి చాపి వేసే సైడ్ ఆర్మ్ వాళ్లయితే మరీను. మొదట ఒంటి మీదికి వస్తోందనిపిస్తుంది, బ్యాటర్ నడుము ఒక్క క్షణం వెనక్కి లాగుతాడు, ఈలోగా బంతి ప్లేటు మీదుగా అవతలికి పోతుంది. గంటకు 95 మైళ్ల బంతి చెయ్యి వదిలి ప్లేటు చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఆ కాలంలో ఒక్క క్షణం తడబడినా చాలు.

ఇంకో కారణం అలవాటు. జనాభాలో ఎడమచేతి వాటం వాళ్లు పదిమందిలో ఒకరు. మేజర్ లీగ్ బౌలర్లలో నాలుగో వంతుకు పైగా ఉంటారు. అంటే జనంలో కంటే ఎక్కువే, కానీ కుడిచేతి వాళ్లతో పోలిస్తే తక్కువే. చిన్నప్పటి నుంచీ ఎడమచేతి బ్యాటర్ ఎదుర్కొన్న బంతుల్లో ఎక్కువ భాగం కుడిచేతి వాళ్లవే. ఎడమ నుంచి వచ్చే బంతి వాడి కంటికి కొత్త. ఈ తేడా లక్షల బంతుల లెక్కలో తేలిన సంగతి. దాన్ని మూఢనమ్మకం అనడం తప్పు.

అయితే మీ వార్త అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఎడమచేతి రిలీవర్ మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది? ఫ్రీమన్ కొట్టిన ఆ ఒక్క బంతిని చూసి లిటిల్‌ని కొలిస్తే, అదే మ్యాచ్‌లో 12వ ఇన్నింగ్స్‌ని ఎలా కొలుస్తారు? మూడు బేసుల్లోనూ టొరాంటో రన్నర్లు (అక్కణ్ణుంచి బ్యాటర్ నిలబడే ప్లేటుకి, అంటే ‘ఇంటికి’, చేరితే రన్ను), రెండు అవుట్లు. డాడ్జర్స్ 37 ఏళ్ల క్లేటన్ కెర్షాని పిలిచారు. ఎడమచేతి మహా బౌలర్, సీజన్ అయ్యాక రిటైరవుతానని అప్పటికే చెప్పినవాడు, జీవితమంతా స్టార్టర్‌గా వేసినవాడు. ఎదురుగా నేథన్ లూక్స్, ఎడమచేతి బ్యాటర్. మూడు బాల్స్, రెండు స్ట్రయిక్‌ల దాకా (ఇంకో బాల్ పడితే రన్ను, ఇంకో స్ట్రయిక్ పడితే అవుట్) వెళ్లి, చివరికి నేల మీద బంతి కొట్టించి అవుట్ చేశాడు. అదే ఎడమచేతి లెక్క, అదే రాత్రి. ఆరు ఇన్నింగ్స్ తర్వాత అది విఫలమైంది. లిటిల్ వచ్చేసరికి టొరాంటో బుల్‌పెన్ (రిలీవర్లు పిలుపు కోసం వేచి ఉండే చోటు) దాదాపు ఖాళీ. ఎరిక్ లావర్ అనే మరో ఎడమచేతి బౌలర్ అప్పటికే నాలుగు ఇన్నింగ్స్‌కు పైగా వేసి ఒక్క రన్నూ ఇవ్వకుండా నిలబెట్టాడు. ఆయన పేరు మీ వార్తలో లేదు. అందుకు నాకు బాధ కలిగింది.

బేస్‌బాల్ తెలియని వాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ బయటికి వెళ్లిన బౌలర్ మళ్లీ ఆ మ్యాచ్‌లోకి రాలేడు. క్రికెట్‌లోలా రెండు ఓవర్లు వేయించి, ఆపి, ఆఖర్లో మళ్లీ పిలవడం కుదరదు. బుల్‌పెన్‌లో ఉన్న ఏడెనిమిది మంది తాళంచెవుల గుత్తి లాంటివాళ్లు, ఒక్కొక్కటీ ఒక్కసారే తిరుగుతుంది. అందుకే ఎవరిని ఎప్పుడు వాడాలన్నది జట్టుని నడిపే మేనేజర్‌కి ఇంత టెన్షన్.

నేను ఈ ఆట చూడటం మొదలుపెట్టింది 2010లో. అబ్బాయిని చూడటానికి మొదటిసారి వచ్చాం. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆ ఏడు గెలిచారు. వాళ్ల బుల్‌పెన్‌లో హావియెర్ లోపెజ్ అనే ఆయన ఉండేవాడు. చెయ్యి పక్కకి చాపి వేసే ఎడమచేతి బౌలర్. జులై ఆఖర్లో పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చుకున్నారు. ఫిలడెల్ఫియాతో ఆడిన లీగ్ ఫైనల్లో మేనేజర్ బ్రూస్ బోచీ ఆయన్ని దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ ఛేస్ అట్లీ, ర్యాన్ హోవర్డ్ బ్యాటింగుకి వచ్చేసరికి దింపేవాడు. ఇద్దరూ ఎడమచేతి వాళ్లే, ఆ జట్టుకు వెన్నెముకలు. లోపెజ్ రావడం, వాళ్లని పంపించడం, వెళ్లి కూర్చోవడం. మా అబ్బాయిని అడిగాను, ఇంత చిన్న పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటారా అని. ‘నాన్నా, ఆ చిన్న పని అయితేనే మ్యాచ్ గెలిచేది’ అన్నాడు. లోపెజ్‌కి 2007లో బోస్టన్‌తో ఒకటి, 2010, 2012, 2014ల్లో జెయింట్స్‌తో మూడు, మొత్తం నాలుగు ఛాంపియన్ ఉంగరాలు ఉన్నాయి. ఎందరో పెద్ద పెద్ద స్టార్లకి ఒక్కటీ లేదు.

ఆ రకం ఉద్యోగం ఇప్పుడు లేదు. 2020 నుంచి కొత్త రూలు వచ్చింది. దిగిన బౌలర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ సగం ముగియాలి. దెబ్బ తగిలితేనో ఒంట్లో బాగాలేకపోతేనో మినహాయింపు. ఎదుటి జట్టు తెలివిగా ఎడమ, కుడి, ఎడమ అని బ్యాటర్లని పేరుస్తుంది. కాబట్టి ఎడమచేతి రిలీవర్‌ని ఎంచుకునేటప్పుడు ఇప్పుడు మొదటి ప్రశ్న మారిపోయింది. ఎడమచేతి వాళ్లని అవుట్ చేస్తాడా అన్నది ఒక్కటే చాలదు. మధ్యలో వచ్చే ఆ కుడిచేతి వాణ్ణి దాటగలడా అన్నది అసలు ప్రశ్న.

దీనికి నేను చూసిన గట్టి ఉదాహరణ 2024 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. అక్టోబరు 25, డాడ్జర్ స్టేడియం. మా అబ్బాయి జెయింట్స్ అభిమాని, డాడ్జర్స్ పేరెత్తితే ఛానల్ మార్చేస్తాడు. ఆ రోజు మాత్రం మార్చలేదు. పదో ఇన్నింగ్స్‌లో న్యూయార్క్ యాంకీస్ 3-2తో ముందున్నారు. డాడ్జర్స్‌కి ఇద్దరు రన్నర్లు బేసుల మీద, ఒక అవుట్. వస్తున్న ముగ్గురూ షోహే ఒహ్తాని, మూకీ బెట్స్, ఫ్రీమన్. ఎడమ, కుడి, ఎడమ. యాంకీస్ బుల్‌పెన్‌లో ఇద్దరు ఎడమచేతి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఒకరు టిమ్ హిల్, చెయ్యి పక్కకి చాపి వేసే రిలీవర్. రెండో ఆయన నెస్టర్ కోర్టెజ్, స్టార్టర్, చేతికి గాయమై సెప్టెంబరు 18 తర్వాత ఒక్క మ్యాచ్‌లోనూ బంతి వేయలేదు. మేనేజర్ ఆరన్ బూన్ కోర్టెజ్‌ని పిలిచాడు.

మొదటి బంతికే ఒహ్తాని గాల్లోకి లేపాడు. లెఫ్ట్ ఫీల్డర్ వెర్డూగో పరుగెత్తి పట్టుకుని, ఆ ఊపులో ప్రేక్షకుల్లోకి పడిపోయాడు. అవుటే, కానీ ఫీల్డర్ బంతితో సహా గీత దాటి పడితే రన్నర్లు ఒక్కో బేసు ముందుకు జరుగుతారు. ఇప్పుడు రెండు, మూడు బేసుల్లో రన్నర్లు. కుడిచేతి బెట్స్‌కి కావాలని వాక్ ఇచ్చేశారు, అంటే ఉచితంగా మొదటి బేసుకి పంపేశారు, ఎడమచేతి ఫ్రీమన్ కోసం. కోర్టెజ్ రెండో బంతి వేశాడు. ఫ్రీమన్ దాన్ని కుడివైపు స్టాండ్స్‌లోకి కొట్టాడు. నాలుగు రన్నులు, మ్యాచ్ 6-3. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలా గ్రాండ్ స్లామ్‌తో (మూడు బేసులూ నిండి ఉండగా కొట్టే హోమ్ రన్‌తో) మ్యాచ్ ముగియడం అదే మొదటిసారి. అప్పుడు ఫ్రీమన్ కాలి చీలమండ వాచి సరిగ్గా నడవలేకపోతున్నాడు కూడా.

నేను ఆ రాత్రి నా పుస్తకంలో రాసుకున్నది ఇప్పటికీ ఉంది. ఆ పరిస్థితిలో నేనైతే హిల్‌నే దింపేవాణ్ణి. నిజమే, ఆయన స్ట్రైకవుట్లు పెద్దగా చేయడు, పేరున్నవాడు కాదు. ఆ ఏడాది జూన్‌లో చికాగో వైట్ సాక్స్ వదిలేస్తే యాంకీస్ తీసుకున్నారు. కానీ ఆయన బంతి కిందికి దిగుతుంది. బ్యాట్‌కి తగిలినవాటిలో సగానికి చాలా పైగా నేల మీద దొర్లుతాయి. ఒక అవుట్, మొదటి రెండు బేసుల మీద రన్నర్లు ఉన్నప్పుడు నేల మీది బంతి అంటే ఒకే దెబ్బకి రెండు అవుట్లు వచ్చే దారి. ఆట అక్కడే అయిపోవచ్చు. కోర్టెజ్ బంతులు ఎక్కువగా గాల్లోకి లేస్తాయి. పైగా ఐదు వారాలు ఖాళీగా ఉన్న చెయ్యి. ఇది ఫలితం తెలిశాక చెబుతున్న మాట కాదు, కోర్టెజ్ బుల్‌పెన్ నుంచి వస్తుండగానే మా అబ్బాయితో అన్నాను. అయినా ఒకటి ఒప్పుకోవాలి. బూన్ పిలిచింది ఒహ్తానిని అవుట్ చేయడానికి, కోర్టెజ్ ఆ పని చేశాడు. హిల్ వచ్చి ఉంటే బెట్స్ ఆయన్ని ఉతికి ఉండవచ్చు, చెయ్యి పక్కకి చాపి వేసేవాళ్ల బంతి కుడిచేతి బ్యాటర్‌కి పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. నిర్ణయం మంచిదా కాదా అన్నది బంతి పడకముందు ఉన్న లెక్కని బట్టి చూడాలి. పడ్డాక స్టాండ్స్‌లో ఎక్కడ పడిందో చూసి కాదు.

ఇప్పుడు అంకెల సంగతి. మీ పేజీలో బౌలర్ పేరు పక్కన ఈఆర్‌ఏ అని ఒక్క అంకె వేస్తారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి తన లెక్కలో ఎన్ని రన్నులు పడ్డాయో చెప్పే సగటు. స్టార్టర్‌కి అది కొంతవరకు పనికొస్తుంది. రిలీవర్‌కి మోసం చేస్తుంది. బ్యాంకు లెక్కలాగే చూడండి. రిలీవర్ ఏడాదికి 60 ఇన్నింగ్స్ వేశాడనుకుందాం, 20 రన్నులిచ్చాడు. ఈఆర్‌ఏ 3.00. చాలా బాగుంది. ఒక్క చెడ్డ రాత్రి ఇంకో నాలుగు రన్నులు పడ్డాయి. 24 అయ్యాయి, ఈఆర్‌ఏ 3.60. అదే మనిషి, అదే చెయ్యి, ఒక్క రాత్రి తేడా.

ఇంకా పెద్ద తప్పు ఇంకోటుంది. ముందు బౌలర్ ఇద్దరు రన్నర్లని బేసుల మీద వదిలి వెళ్లాడు. తర్వాత వచ్చినవాడు హిట్ ఇచ్చాడు, ఆ ఇద్దరూ ఇంటికి చేరారు. ఆ రెండు రన్నులూ వెళ్లిపోయినవాడి ఖాతాలో పడతాయి. వచ్చినవాడి ఈఆర్‌ఏ చెక్కు చెదరదు. ఎడమచేతి రిలీవర్‌ని పిలిచేదే అలాంటి సమయంలో, రన్నర్లు నిలబడి ఉండగా. అంటే అతని అసలు పని ఈఆర్‌ఏ అంకెలో పడదు.

ఇది మా ఇంట్లో జరిగింది. పోయిన మార్చిలో మనవణ్ణి ఐదో ఇన్నింగ్స్‌లో దింపారు. రెండు, మూడు బేసుల్లో రన్నర్లు, ఒక అవుట్. మొదటి బంతికే సింగిల్. ఇద్దరూ ఇంటికొచ్చారు. తర్వాత ఇద్దర్ని అవుట్ చేశాడు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ‘తాతా, నా ఈఆర్‌ఏ ఇంకా జీరోనే’ అని సంతోషంగా చెప్పాడు. ఆ రన్నులు పడిన పిల్లవాడు మా వెనక వీధిలోనే ఉంటాడు, బెంచీ మీద తల వంచుకుని కూర్చోవడం నేను చూశాను. నేనేమీ అనలేదు. ఇంటికి వచ్చాక పుస్తకం తీసి ఆ రెండు రన్నుల పక్కన మనవడి పేరు పెన్సిల్‌తో రాసి చూపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

రెండు వారాలకి అది తిరగబడింది. మనవడు ఇద్దరికి వాక్ ఇచ్చాడు. కానీ ఒకర్ని స్ట్రైకవుట్ చేశాడు, ఒకరిచేత మెత్తటి గ్రౌండ్ బాల్ కొట్టించాడు. రెండు అవుట్లు. వాణ్ణి తీసేశారు. తర్వాత వచ్చినవాడి బంతికి డబుల్ పడింది, రెండు రన్నులూ మావాడి ఖాతాలోకి వచ్చాయి. ఆ ఈఆర్‌ఏ కాగితం చూసి కోచ్ వాణ్ణి నాలుగు మ్యాచ్‌లు బెంచీ మీదే ఉంచాడు. కోచ్ చెడ్డవాడు కాదు, ఆ కాగితమే చూశాడు, అంతే. వాడి నానమ్మ నాలుగు రోజులు సరిగా తినలేదు.

అప్పుడే నేను నా పుస్తకంలో కొత్త గళ్లు గీశాను. వచ్చేటప్పటికి ఎందరు రన్నర్లు, ఏ బేసుల్లో. వాళ్లలో ఎందరు ఇంటికి చేరారు. వేసింది కుడిచేతి వాడికా ఎడమచేతి వాడికా. మొదటి బంతి స్ట్రయికా కాదా. బ్యాట్‌కి తగిలిన బంతి నేల మీద పోయిందా, గాల్లో లేచిందా, తాడు లాగినట్టు నేరుగా వెళ్లిందా. ఆఖరుసారి వేసి ఎన్ని రోజులైంది. పెద్ద లీగుల్లో కంప్యూటర్లు ఇంతకంటే వెయ్యిరెట్లు రాస్తాయి, బంతి ఎన్నిసార్లు తిరిగిందో కూడా లెక్కిస్తాయి. మా మైదానంలో నేనూ నా పెన్సిలూ. కానీ చూడాల్సింది అవే. ఫీల్డర్ల చేతుల్లో లేనివి, బౌలర్ చేతుల్లో ఉన్నవి: స్ట్రైకవుట్లు, వాకులు, హోమ్ రన్లు, నేల మీద బంతులు. మిగతావాటిలో అదృష్టం పాలు చాలా ఎక్కువ.

అదృష్టం ఎంత ఎక్కువో చూడండి. పెద్ద లీగుల్లో ఒక రిలీవర్‌కి ఏడాదిలో ఎదురయ్యే ఎడమచేతి బ్యాటర్లు సుమారు వంద మంది అనుకుందాం. వందలో 20 హిట్లయితే సగటు .200, అద్భుతం అంటారు. వాటికి తోడు ఐదు బంతులు ఫీల్డర్ల మధ్య ఎక్కడో పడితే .250, మామూలువాడు అంటారు. ఐదు బంతులు! ఒక్క ఏడాది అంకె చూసి ఇతను ఎడమచేతి వాళ్లకి యముడు, అతను పనికిరాడు అని తీర్పు చెప్పకూడదు. రెండు, మూడేళ్లు కలిపి చూడాలి. అంతకంటే ముందు, బంతి ఎలా కదులుతోందో కళ్లతో చూడాలి.

పెద్ద జట్లు కూడా ఈ విషయంలో దెబ్బ తింటాయి. ఎడమచేతి రిలీవర్ టానర్ స్కాట్ 2024లో 1.75 ఈఆర్‌ఏతో మెరిశాడు. ఆ అక్టోబరులో సాన్ డియాగో తరఫున ఒహ్తానిని పదేపదే స్ట్రైకవుట్ చేశాడు. డాడ్జర్స్ నాలుగేళ్లకి 7.2 కోట్ల డాలర్లిచ్చి తీసుకున్నారు. 2025లో ఈఆర్‌ఏ 4.74, గెలవాల్సిన 10 మ్యాచ్‌ల్లో ఆధిక్యం కాపాడలేకపోయాడు. ఒక్క చలికాలంలో చెయ్యి పాడైపోయిందా? 2024లో కూడా వాకులు చాలా ఇచ్చాడు, అవి రన్నులుగా మారలేదంతే. 2025లో వాకులు తగ్గాయి, హోమ్ రన్లు పెరిగాయి. 1.75 నిజమైన స్కాట్ కాదు, 4.74 కూడా కాదు. అసలు మనిషి ఆ రెంటి మధ్య ఎక్కడో ఉన్నాడు. ఆయన్ని తిట్టిన అభిమానుల్లో 2024 అంకెలు చదివినవాళ్లు ఎందరున్నారో నాకనుమానమే.

ఇక కుడిచేతి బ్యాటర్ల సంగతి. మనవడికి స్లైడర్ ఉంది, ఎడమచేతి పిల్లలు దానికి గాలిలో బ్యాట్ ఊపుతారు. కుడిచేతి పిల్లలకి అదే బంతి లోపలికి వస్తుంది, చితకబాదుతారు. నా గళ్లలో అది స్పష్టంగా కనిపించింది. అప్పుడు వాడికి కావాల్సింది ఛేంజప్. ఫాస్ట్ బాల్ లాగే చెయ్యి తిప్పి, నిదానంగా వదిలే బంతి. ఎడమచేతి నుంచి వస్తే అది కుడిచేతి బ్యాటర్‌కి దూరంగా, కిందికి వాలుతుంది. ఎడమచేతి రిలీవర్‌లో నేను ఇప్పుడు మొదట వెతికేది ఇదే. ఛేంజప్ అయినా ఉండాలి, లేదా కుడిచేతి వాడి చేతుల దగ్గరికి గట్టిగా కోసుకుపోయే కట్టర్ అయినా ఉండాలి. రెండూ లేకపోతే ఎంత మంచి స్లైడర్ ఉన్నా 2020 తర్వాత అతను సగం బౌలరే. వేసవి అంతా వాడూ నేనూ ఇంటి వెనక గోడకి సుద్దతో చదరం గీసి, రోజుకి 30 ఛేంజప్‌లు వేయించాం. అంతకు మించితే భుజం పాడవుతుందని ఆపేవాణ్ణి.

ఇక్కడ ఒక సొంత మాట చెప్పనివ్వండి, లేకపోతే నేను ఇంత పొడుగు ఎందుకు రాస్తున్నానో మీకు తెలియదు. మా తమ్ముడిది పుర్రచేతి వాటం. మూడో తరగతిలో పలక మీద ఎడమచేత్తో రాశాడని మాస్టారు వేళ్ల మీద బెత్తంతో కొట్టేవారు. ఇంట్లో మా అమ్మ కూడా ఆ చేతికి గుడ్డ కట్టింది. వాడు కుడిచేత్తో రాయడం నేర్చుకున్నాడు, కానీ చెరువు గట్టున రాయి విసిరేటప్పుడు మాత్రం ఎడమచెయ్యే లేచేది. ఎంత దూరం పోయేదో! మా అందరి రాళ్లూ సగం దూరంలో మునిగేవి. ఆ చేతికి ఒక బంతి ఇచ్చినవాళ్లు లేరు. మనవడు పుట్టి, ఎడమచేత్తో గిలక్కాయ పట్టుకున్నప్పుడు నేను మా ఆవిడతో ఒక్కటే అన్నాను, ఈ చేతికి ఎవరూ గుడ్డ కట్టకూడదని. అన్నం మాత్రం కుడిచేత్తో తినడం నేర్పింది. మిగతావన్నీ వాడిష్టం.

అమెరికాలో దీనికి సరిగ్గా ఎదురు కథ ఉంది. బిల్లీ వాగ్నర్ పుట్టుకతో కుడిచేతి వాడు. చిన్నప్పుడు కుడిచెయ్యి విరిగింది, బాగయ్యాక మళ్లీ విరిగింది. ఊరికే కూర్చోలేక ఎడమచేత్తో విసరడం నేర్చుకున్నాడు. ఆ నేర్చుకున్న చేత్తోనే మేజర్ లీగుల్లో 422 సేవ్‌లు (ఆఖర్లో వచ్చి ఆధిక్యం కాపాడటం) చేసి, పదోసారి, ఆఖరి అవకాశంలో, 2025 జనవరిలో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు. ఆ వార్త వచ్చిన రోజు మా తమ్ముడికి తెనాలికి ఫోన్ చేసి చెప్పాను. ‘అన్నయ్యా, ఆయనకి ఎవరూ బెత్తం చూపించలేదు కదా’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎడమచేతి రిలీవర్లు ఈ ఆటలో ఎంతకాలం నిలబడతారో కూడా మీ పాఠకులకి తెలియాలి. మేజర్ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌ల్లో బంతి వేసినవాడు జెస్సీ ఒరోస్కో, 1,252 మ్యాచ్‌లు. ఎడమచేతి రిలీవరే. 1979లో మొదలుపెట్టి 2003 దాకా వేశాడు. 1986 వరల్డ్ సిరీస్ ఆఖరి అవుట్ తీసింది ఆయనే. రోజూ చెయ్యి వేడి చేసుకుని, పిలుస్తారో పిలవరో తెలియకుండా గోడ అవతల కూర్చుని, పిలిచినప్పుడు ఎవరో వదిలివెళ్లిన చిక్కుముడి విప్పడం. అది చాలా గౌరవమైన పని. మా బ్యాంకులో సాయంత్రం క్యాష్ తేడా వస్తే ఒకాయన్ని పిలిచేవాళ్లం. ఆయన వచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా, తప్పు ఎక్కడుందో వెతికి ఇచ్చి వెళ్లిపోయేవాడు. ఆయన పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండేది కాదు.

సంపాదకులకు నా విన్నపం ఇదీ. వచ్చే సీజన్‌లో బేస్‌బాల్ వార్త వేసేటప్పుడు రిలీవర్ పేరు పక్కన ఈఆర్‌ఏతో పాటు ఇంకో రెండు అంకెలు వేయండి: వచ్చినప్పుడు బేసుల మీద ఎందరున్నారు, వాళ్లలో ఎందరు ఇంటికి చేరారు. అమెరికా పత్రికల స్కోరు పట్టికల కింద ఈ వివరం చిన్న అక్షరాల్లో ఉంటుంది, తీసుకోవడం కష్టం కాదు. తెలుగులో ఎలా వేయాలో తెలియకపోతే నా పుస్తకంలోని రెండు పేజీలు ఫొటో తీసి పంపుతాను, గళ్లు అన్నీ తెలుగులోనే ఉన్నాయి. ‘వదిలిన రన్నర్లు’, ‘ఇంటికి చేరినవాళ్లు’ అని రాస్తున్నాను. ఇంతకంటే మంచి మాట మీ పాఠకులు చెబితే మార్చుకుంటాను.

బెంచీ మీద ఉంచిన నాలుగు మ్యాచ్‌ల తర్వాత నేను ఆ గళ్ల కాగితాలు జిరాక్స్ తీసి కోచ్‌కి ఇచ్చాను. ఇంగ్లిష్‌లో తిరగరాసి ఇవ్వడానికి మనవడే సాయం చేశాడు, ఒరిజినల్‌లో తనకి చెడ్డగా ఉన్నవి కూడా ఒక్కటి దాచకుండా రాశాడు. కోచ్ వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. తర్వాతి శుక్రవారం ఆరో ఇన్నింగ్స్‌లో పిలిచాడు. మొదటి, మూడో బేసుల్లో రన్నర్లు, రెండు అవుట్లు, ఎదురుగా కుడిచేతి పిల్లవాడు. ఆ రోజు వరుసలో నా పుస్తకంలో ఉన్నది: వదిలిన రన్నర్లు 2, ఇంటికి చేరినవాళ్లు 0. మూడు బంతులు. ఆఖరిది ఛేంజప్, ఇంకా సరిగా రానిది. కొంచెం ఎత్తుగా వెళ్లినా ఆ అబ్బాయి ముందే ఊపేశాడు. నేల మీద దొర్లి షార్ట్‌స్టాప్ చేతుల్లోకి వెళ్లింది.

ఇట్లు,
ఒక పాత స్కోరర్,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
(స్వస్థలం తెనాలి)